ఎర్ర బండి కమాను

కమాను కొమ్మకి టక్కున తగిలింది. బండి ఆగిపోయింది.

"బావా, మళ్ళీ!" అరిచాడు తూనీగ.

అతను పార్కులో గడ్డి కోసే డ్రైవరు. ఉన్నచోటే గిర్రున తిరిగే జీరో టర్న్ బండిని రెండు లివర్లతో ఆడిస్తాడు. అది చూసి తోటివాళ్ళు పెట్టిన పేరు తూనీగ. సూపర్‌వైజరుకి స్వయానా బావమరిది.

సూపర్‌వైజరుకీ ఒక పేరుంది. సీసీ కెమెరా. ఆయన ఎదుట మాత్రం ఎవరూ అనరు.

ఊళ్ళోని పార్కులన్నిటికీ కొత్త బండ్లు కొనాలి. నడిపి చూడమని రెండు కంపెనీలు చెరొకటి పంపాయి.

పసుపుది పొట్టి. ఏ చెట్టు కిందైనా దూరిపోతుంది.

ఎర్రదానికి సీటు వెనక ఇనుప కమాను. బండి తిరగబడినా మనిషి నలిగిపోకుండా ఆపేది అదే.

చెరువు గట్టు వాలులో ఏది బాగా నడిస్తే అది కొంటారు. ఆ వాలు నిండా చెట్లు. అడుగడుగునా కమాను కొమ్మలకి తగులుతోంది.

"మడిచెయ్‌రా, పని కానీ," అన్నాడు సూపర్‌వైజరు.

తూనీగ పిన్ను లాగి కమానుని వెనక్కి మడిచాడు.

అవతల బెంచీ మీద కూర్చున్న ఒకామె చటుక్కున లేచి నిలబడింది. నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి. ఏదో అనబోయి ఆగిపోయింది.

సూపర్‌వైజరు అది గమనించాడు. ఆయన గమనించనిదేముంది?

మర్నాడు పొద్దున వాలు మీద మనిషి తల ఎత్తున ఉండే కొమ్మలు చాలావరకు లేవు. ఎవరో నున్నగా కోసి, దారికి అడ్డం లేకుండా పక్కన పేర్చారు.

"ఎవరో పుణ్యాత్ములు బావా!" సంబరపడ్డాడు తూనీగ.

"పుణ్యాత్ములు కాదురా, వ్యాపారులు. కొమ్మలు లేకపోతే ఎవరి బండి గెలుస్తుంది? ఎర్రదేగా?"

"నీకన్నీ అలాగే కనిపిస్తాయి. నా పెళ్ళిలో వంటవాళ్ళనీ ఇలాగే అన్నావు."

"గరిటెలు పోయాయా లేదా?"

"మన కారు డిక్కీలోనే దొరికాయి కదా!"

సూపర్‌వైజరు వినిపించుకోలేదు.

ఆ మర్నాడు తెల్లవారుతూనే వచ్చి పంపు గది వెనక నక్కాడు. సన్నగా జల్లు పడి వెలిసింది.

గుడ్డసంచి ఆమె వచ్చింది. అటూ ఇటూ చూసి, సంచిలోంచి చేతి రంపం తీసింది.

"దొరికారు!" ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. "ఏ కంపెనీ మనిషి మీరు?"

"ఏ కంపెనీ కాదు బాబూ."

"మరి ఈ కొమ్మలు మీకేం అపకారం చేశాయి?"

ఆమె ఎదురు ప్రశ్న వేసింది. "ఏ బండి తీసుకుంటున్నారు?"

"అదీ సంగతి! మీకెందుకు?"

"ఎర్రదే తీసుకోండి. కమాను మడవనివ్వకండి."

"ఎర్ర బండివాళ్ళు మీకేం ముట్టజెప్పారు?"

ఆమె మొహం పాలిపోయింది.

"ఇంకొక్క కొమ్మ మిగిలింది. అది కోసి వెళ్ళిపోతాను."

"రంపం ఇటివ్వండి."

ఇచ్చేసింది.

సూపర్‌వైజరు వాచ్‌మన్‌ని కేకేశాడు. "ఈవిడ మళ్ళీ గేటు దాటి లోపలికొస్తే నీ ఉద్యోగం ఉండదు!"

పొద్దున్నే నడకకి వచ్చినవాళ్ళంతా ఆగి చూశారు. ఆమె తల దించుకుని నడిచింది. గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"డ్రైవరుని సీటు బెల్టు పెట్టుకోమనండి."

తూనీగ డ్యూటీకి రాగానే సూపర్‌వైజరు తేల్చి చెప్పేశాడు. "పసుపుదే కొంటున్నాం. ఎర్రదాన్ని ఈ పూట నడిపి పంపించెయ్."

"అలాగే బావా."

"ఒరేయ్... ఆ బెల్టు పెట్టుకో." ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

కొమ్మలు అడ్డులేవు. కమాను నిలబెట్టే ఉంది. ఎర్ర బండి గట్టు పొడవునా హాయిగా సాగింది.

నీళ్ళ అంచున మలుపు తిప్పేసరికి తడిగడ్డి మీద చక్రాలు జారాయి.

బండి పల్టీ కొట్టింది.

సూపర్‌వైజరు చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. ఇంట్లో భార్యకి ఏం చెప్పాలి? ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు.

కమాను బురదలో దిగబడి నిలిచింది. బండి బరువంతా దాని మీదే ఉంది. తూనీగ బెల్టుకి తలకిందులుగా వేలాడుతున్నాడు.

"బావా," అన్నాడు, "అక్కకి చెప్పకు."

నలుగురూ కలిసి అతన్ని బయటికి లాగారు. మోచెయ్యి గీరుకుంది, అంతే.

సూపర్‌వైజరు తలెత్తి చూశాడు. కాస్త అవతల, ఆ మిగిలిన ఒక్క కొమ్మ. బండి అక్కడిదాకా వెళ్ళి ఉంటే తూనీగ కమాను మడిచేసేవాడే. తను నేర్పిన పనేగా!

గేటు బయటికి పరిగెత్తాడు. వీధి చివరిదాకా వెతికాడు. గుడ్డసంచి ఆమె ఎక్కడా లేదు.

ఎర్ర కంపెనీ ఏజెంటు వచ్చేసరికి, ఆయన ఆమె రంపంతో ఆ కొమ్మ కోస్తున్నాడు.

"మీ బండే తీసుకుంటాం," అన్నాడు. "మీ మనిషిని నోటికొచ్చినట్టు అన్నాను. ఒక్కసారి పిలిపించండి."

"మా మనిషా? మేమెవర్నీ పంపలేదే!"

"నెరిసిన జుట్టు, గుడ్డసంచి... ఇదిగో, ఈ రంపం ఆవిడదే."

ఆవిడెవరో ఏజెంటుకి అర్థమైంది.

"కిందటేడు పక్క ఊరి పార్కులో మా బండి ఇలాగే చెరువులోకి దొర్లింది సార్. కొమ్మలు తగులుతున్నాయని కమాను మడిచారు. డ్రైవరు దక్కలేదు."

సూపర్‌వైజరు చేతిలో రంపం ఆగింది. "ఆ డ్రైవరు తల్లా?"

"కాదు సార్. 'మడిచెయ్, పని కానీ' అని అతనితో అన్న సూపర్‌వైజరు ఆవిడే."