అరువు మాట

ప్రతి ఇంటి గోడలోనూ బిగించిన మాట్లాడే డాక్టరు యంత్రానికి తెలుగు బాగానే వచ్చు గానీ, అంబులెన్స్ రావాలంటే మాత్రం ఇంగ్లీషు మాటే చెప్పాలి. గ్యాస్ బండల్లాగే ఆ మాటలకీ రేషను. నెత్తురు ధారకడితే ‘గషింగ్’, గుండె కొట్టేసుకుంటే ‘పౌండింగ్’. ఇంటికి ఏడాదికి ఒక్కో మాటా ఒక్కసారే.

వరహాలమ్మ ఇంటి గషింగ్ ఉగాదినాడే అయిపోయింది. మామిడికాయ తరుగుతూ వేలు తెగితే కంగారులో తనే అనేసింది. ఇప్పుడేమో ఐదోనెల కోడలు పైడితల్లి బాత్రూం గుమ్మంలో కూలబడింది. చీరంతా నెత్తురు.

“గషింగ్,” అంది వరహాలమ్మ.

“మీ మాట అయిపోయిందండీ. విశ్రాంతి తీసుకోండి,” అంది గోడ.

పౌండింగ్ అందామంటే వచ్చేది గుండె బండి. అందులో నెత్తురు సీసాలుండవు. వరహాలమ్మ కిందింటికి పరిగెత్తింది.

“రవణమ్మొదినా, మీ ఇంట్లో గషింగ్ ఉందా? పైడితల్లికి నెత్తురు ఆగట్లేదు.” పెరుగు తోడు కోసం వచ్చినట్టే అడిగింది.

రవణమ్మ మంచం మీదున్న మొగుడికేసి చూసింది. గుండె ఆపరేషనైన మనిషి, నెత్తురు పలచబడే మాత్రల మీద బతుకుతున్నాడు, ఎక్కడ తెగినా నెత్తురు ఓ పట్టాన ఆగదు. చూసి, తన గోడవైపు తిరిగి ఆ మాట అనేసింది.

బండి వచ్చింది. సాయంత్రానికి గండం గడిచింది, కడుపు నిలిచింది.

వరహాలమ్మ మళ్లీ కిందింటి గుమ్మంలో నిలబడింది. “మా పౌండింగ్ అలాగే ఉందొదినా. అన్నయ్యకి అట్టేపెట్టుకో. అవసరమొస్తే ఒక్క కేకెయ్యి.”

“మరి నీకో? మొన్న మెట్లమీద కూచుండిపోయావు గదా.”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను.”

పైకెక్కుతుంటే సగంలో గుండె దడదడలాడింది. వరహాలమ్మ రెయిలింగు పట్టుకుని కాసేపు ఆగింది. ఆ దడని తెలుగులోనే ఉంచుకుని ఇంట్లోకి వెళ్లింది.