చావు తొక్కని గుమ్మం

“ఆ పెద్దాసుపత్రికా? అక్కడికి నడిచి వెళ్ళినవాళ్ళు నలుగురి భుజాల మీద తిరిగొస్తున్నారమ్మా!” అన్నాడు నర్సింగ్‌హోము డాక్టరు నవ్వుతూ.

కూతురు తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. రిటైరైన బస్సు డ్రైవరాయన. ఊరంతా పాకుతున్న ఊపిరితిత్తుల జ్వరం ఆయన్నీ వదల్లేదు.

“బ్రేకులు బాగానే ఉన్నాయి డాక్టరుగారూ, ఇంజనే ఎత్తు ఎక్కనంటోంది,” అన్నాడాయన, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

డాక్టరు వెనక గోడకి దేవుడి పటం. దేవుడికంటే పెద్దగా ఒక బోర్డు: ‘ఈ జబ్బుతో మా దగ్గర ఒక్కరూ చనిపోలేదు.’

“అదెలా సాధ్యమైందండీ?” అంది కూతురు చేతులు జోడించి.

ఆ ప్రశ్న వినడానికే పుట్టినట్టు డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

“శుభ్రత. వేళకి మందు. వేళకి తిండి. పైన భగవంతుడు, కింద నేను. అక్కడ పోయేవాళ్ళలో సగంమంది భయంతో పోతారు, మిగతా సగం అక్కడి వైద్యంతో. వాళ్ళూ డాక్టర్లేనా? శవాలు మోయించే మేస్త్రీలు!”

“మా నాన్నని మీ చేతుల్లో పెడుతున్నానండీ. నాకు ఆయన తప్ప ఎవరూ లేరు.”

డాక్టరు ముసలాయన వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించాడు. అందులో అంకె చూశాడు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

“అయ్యో, మంచాలన్నీ నిండిపోయాయే! కాస్త ముందు రావలసింది.”

“ఇప్పుడెక్కడికి పోమంటారండీ?”

“పెద్దాసుపత్రి ఉందిగా!”

ఇందాక నలుగురి భుజాలన్న నోరే ఇది. నాలుకకి ఎముక ఉంటే కదా అడ్డం పడటానికి!

తన తలరాతని తిట్టుకుంటూ ఆమె తండ్రిని పెద్దాసుపత్రికి చేర్చింది. వరండా నిండా మంచాలు. ఫినాయిల్ వాసన. నిద్రలేక కళ్ళు పీక్కుపోయిన ఓ డాక్టరమ్మ, ఎవరు ఏమిటని అడక్కుండానే ముసలాయన ముఖానికి ఆక్సిజన్ తగిలించింది. కాసేపటికి ఆయన ఆయాసం కొంచెం సర్దుకుంది.

కూతురి గుండె మాత్రం సర్దుకోలేదు. తెల్లదుప్పటి కప్పిన స్ట్రెచరు ఒకటి ఎదురుగానే బయటికి వెళ్ళింది. దాని వెనకే ఇంకొకటి. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“ఊరుకో తల్లీ,” అంది పక్కమంచం మీది ముసలావిడ.

“ఆ నర్సింగ్‌హోములో ఒక్క మంచం దొరికుంటే ఈ గండం తప్పేది పెద్దమ్మా. అక్కడ ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు కూడా పోలేదట!”

ముసలావిడ ముక్కు మీది మాస్కు కొద్దిగా పైకెత్తింది.

“ఆ పేరు చెడకూడదనే కదమ్మా, ఆయాసం ముదరగానే నా కడుపున పుట్టిన ఆ డాక్టరు నన్ను తెచ్చి ఇక్కడ దింపిపోయాడు!”