గడప బయట బూట్లు

ఎగిరే బండి కింద జాకీ పెట్టి వకుళ మీట నొక్కింది. జాకీ కదల్లేదు. ఈ రోజుల్లో పనిముట్లన్నీ ముందుగా మనిషి కాళ్లు చూస్తాయి. వేళ్లమీద ఇనుప రేకు, కింద జారని సోల్ ఉన్న బూట్లు కనబడితేనే పనిచేస్తాయి.

ఆమె బూట్లు గడప బయటున్నాయి. ఆయుధపూజ చేసిన గ్యారేజీలోకి వాటితో రావద్దని అత్తగారు రత్తమ్మ పట్టుబట్టింది.

"సాయంత్రం మీ డయాలసిస్‌కి ఈ బండిలోనే వెళ్లాలత్తయ్యా."

"అయితే మాత్రం? బొట్టు పెట్టిన సామాన్ల మధ్య బూట్లేంటే!"

వకుళ బూట్లు శుభ్రంగా కడిగి తెచ్చి, స్పానర్ల పక్కన పెట్టి, రెండింటికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది.

"ఇవీ పనిముట్లే. వీటితోనే పని మొదలుపెడతాను."

రత్తమ్మ వాటిని చూసి, చెయ్యి చాచింది.

"ఎడమదానికి బొట్టు వంకరపోయింది. ఇటివ్వు."