వంక పెట్టిన రోజు

యమున ఉప్పుడబ్బా మూత తీసిందో లేదో ఫోన్ మోగింది. దవాఖాన నుంచి! డబ్బాను గట్టు మీద అలాగే వదిలేసి పరుగెత్తింది.

"మీ అత్తమ్మకు ఆక్సిజన్ తగ్గించినం మేడమ్. మెత్తగ ఏమన్న వండి పంపుండ్రి," అంది కొవిడ్ వార్డు నర్సు.

"తింటాందా? వంక పెడుతాందా?"

"వంకనా? పాపం, ఏది పెట్టినా మంచిగున్నదంటది."

యమున నీరుగారిపోయింది. అత్త సమ్మమ్మ మంచిగున్నదనడమా! కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ నోట ఆ మాట విన్నది లేదు. ఒకనాడు ఉప్పెక్కువ, ఒకనాడు పులుపు తక్కువ, ఏదీ దొరక్కపోతే గిన్నెకు సొట్ట. అలాంటి మనిషి మెత్తబడిపోతే భయం వేయదూ!

ప్లాస్మా ఎక్కించే ముందే డాక్టర్ చెప్పాడు. "జబ్బు తగ్గినవాళ్ల రక్తంలో దానితో పోరాడే శక్తి ఉంటుంది. అదే మీ అత్తగారికి ఎక్కిస్తాం. చలి, దురద లాంటివి వస్తే మేం చూసుకుంటాం. కానీ ఇది మంత్రం కాదమ్మా, అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేను. నాలుగు రోజులు ఓపిక పట్టండి." కొవిడ్ నుంచి కోలుకున్న మట్టెవాడ టైలర్ అర్షద్ వచ్చి ప్లాస్మా ఇచ్చి, "ఫికర్ చెయ్యకు చెల్లె," అని వెళ్లాడు.

"జ్వరానికి అమ్మ నాలుక చచ్చిందే. రుచి తెలిస్తెనే గద వంక పెట్టేది! జర జల్ది కానియ్యి," అన్నాడు భర్త భానుచందర్, బండి తాళం ఆడిస్తూ.

"అత్తమ్మ వంక పెట్టిననాడు సమ్మక్కకు నిలువెత్తు బెల్లం ఇస్త," అని మొక్కుకుంటూనే యమున పొయ్యి ఆర్పి, అన్నం, పప్పుచారు క్యారియర్‌లో సర్దిచ్చింది.

మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. తెర మీద సమ్మమ్మ, దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏందే యమునా, పప్పుచారుల గింత ఉప్పు గుప్పినవ్? నోట్లె పెట్టుకునేటట్టున్నదా?"

"గింత గట్టిగ ఒర్రుడు ఇయ్యాల్నే మేడమ్!" వెనక నుంచి నర్సు నవ్వింది.

యమునకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "తప్పయింది అత్తమ్మా! రేపు తగ్గిస్త!"

"తగ్గిచ్చుడు కాదు, ముందుగాల వంట నేర్చుకో!"

"అమ్మకు రుచి తెలుస్తాంది!" భానుచందర్ గంతేసి, బెల్లం బేరానికి బయల్దేరాడు.

యమున కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీద మూత తీసిన ఉప్పుడబ్బాను చూసి పగలబడి నవ్వింది.

పప్పుచారులో అసలు ఉప్పే వేయలేదు.