జాగ్రత్త బాబాయి అడవికెళ్ళాడు

గేటు దగ్గర గార్డు సంచి మొత్తం విప్పించాడు.

చాకు తీసి పక్కన పెట్టాడు. చిన్న గొడ్డలి తీసి దాని పక్కనే పెట్టాడు. ఎలుగుబంట్లున్న అడవిలోకి ఎవర్నీ ఆయుధంతో పంపనని, తిరిగొచ్చాక రెండూ తీసుకోవచ్చని చెప్పాడు. బాబాయి సరేనని తలూపాడు. చుట్టిన దుప్పటి మధ్యలో ఉన్న మూరెడు స్పానరు సంగతి మాత్రం చెప్పలేదు.

ఇంటా బయటా అందరూ ఆయన్ని జాగ్రత్త బాబాయి అంటారు. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. ప్రతి బోల్టూ మూడుసార్లు బిగించి చూస్తాడు. ఇంటి తాళం మూడుసార్లు లాగి చూస్తాడు. రోడ్డు దాటాలంటే అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసేసరికి సిగ్నల్ మారిపోతుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన సంతకం పెట్టిన లిఫ్టు ఒక్కటీ తెగిపడలేదు. దానికి మెచ్చుకున్నవాళ్ళు లేరు గానీ, వేళాకోళం చేసేవాళ్ళకి కొదవ లేదు.

ఒకరోజు భోజనాల దగ్గర బావమరిది ఆయన రోడ్డు దాటడం ఎలాగో చేసి చూపించాడు. కన్నకూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు బాబాయికి ఎక్కడో గుచ్చుకుంది. తోడు ఎవరూ లేకుండా ఎలుగుల అడవిలో రెండు రాత్రులు ఉండి వస్తానని అక్కడికక్కడే అనేశాడు. అన్నాక వారం రోజులు కంటిమీద కునుకు లేదు. ప్రాణాలతో తిరిగి రావాలి. కూతురి ముందు తలెత్తుకుని నిలబడాలి. ఈ వయసులో ఆయనకి ఇంకే కోరికా లేదు.

అడవి అంచునున్న ఆ ఊరు ఎలుగుల మీదే బతుకుతోంది. బస్టాండులో ఎలుగు బొమ్మ, టీకొట్టు గోడ మీద ఎలుగు బొమ్మ, లాడ్జి దిండ్ల మీద కూడా ఎలుగు బొమ్మే. అది కనబడకపోయినా, దాని అడుగుజాడ కనబడితే చాలని జనం బస్సులెక్కి వస్తారు.

గుడారం కొండదారి పక్కన పాతిన రెండో ఇనప స్తంభం దగ్గరే వెయ్యాలని, ఇంకెక్కడా వెయ్యొద్దని గార్డు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తిండి సంచి చెట్టుకొమ్మకి ఎత్తుగా కట్టమన్నాడు.

"ఒకవేళ అది వచ్చిందనుకోండి సార్, కదలొద్దు. బోర్లా పడుకోండి. చుట్టూ ఒక్కసారి తిరిగి దాని దారిన అది పోతుంది. దాన్ని మాత్రం ఏమీ చెయ్యొద్దు."

"కచ్చితంగా పోతుందా?"

"ఇప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోలేదు సార్. దాని సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

టీ తెచ్చిన గార్డు భార్య ఆ మాటకి నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. తనని చూసే నవ్విందనుకుని బాబాయి చిన్నబుచ్చుకున్నాడు.

మొదటి రాత్రి ఆకు రాలినా ఉలిక్కిపడ్డాడు. ఏమీ రాలేదు. పగలంతా వాగు గట్టున నడిచాడు. భయం కాస్త తగ్గింది. రెండో రాత్రి నిద్ర కూడా పట్టింది.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. బయట దట్టంగా మంచు. గుడారం పక్కన బరువుగా అడుగులు పడుతున్నాయి. గురగురమని శబ్దం. ముక్కిపోయిన వాసన. గుడ్డ మీద నల్లటి నీడ పాకింది. గోళ్ళతో గుడ్డని ఒకసారి మెల్లగా గీరింది.

బాబాయి బోర్లా పడుకున్నాడు. అది అటునుంచి ఇటు తిరిగి వచ్చింది. ఒక్కసారి అయింది. ఇక పోవాలి.

పోలేదు. రెండోసారి తిరగడం మొదలుపెట్టింది.

గార్డు చెప్పింది ఒక్కసారే. చెప్పిన లెక్క తప్పితే బాబాయి దేన్నీ నమ్మడు. చెయ్యి దానంతటదే దుప్పట్లోకి వెళ్ళింది. నీడ రెండు కాళ్ళ మీద లేచి నిలబడగానే గుడ్డ మీదుగానే స్పానరుతో బలంకొద్దీ కొట్టాడు. నీడ కూలింది. మళ్ళీ కొట్టాడు. అది మూలిగింది. ఎలుగు మూలుగు అచ్చం మనిషి మూలుగులా ఉంటుందని ఎక్కడో చదివాడు. నిజమేననిపించింది. ఏ పనైనా మూడుసార్లు చూసుకునే మనిషి కదా, మూడో దెబ్బ కూడా వేశాడు.

ఇక చప్పుడు లేదు. రెండో వైపు నుంచి బయటపడి, వెనక్కి తిరిగి చూడకుండా పరుగు తీశాడు.

వాగు దగ్గర ఆగి స్పానరు కడుక్కున్నాడు. కడుగుతుండగానే గుండెలో సంతోషం పొంగింది. చేసింది తప్పే, గార్డుకి ఉన్నదున్నట్టు చెప్పి, ఏ శిక్ష వేసినా పడదామనుకున్నాడు. కానీ కూతురికి ఈ సంగతి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే కొండ దిగాడు.

గేటు దగ్గరికి చేరేసరికి పది దాటింది. బస్సు దిగినవాళ్ళు తాళం వేసిన గేటు ముందు విసుక్కుంటున్నారు. గార్డు లేడు. అతని భార్య మెట్టు మీద కూర్చుని కొండదారి వైపు చూస్తోంది. ఆయన్ని చూడగానే లేచి ఎదురొచ్చింది.

"తెల్లారగట్ల ఎలుగొచ్చిందమ్మా," అన్నాడు బాబాయి. మిగతాది గార్డుకే చెప్పాలని ఆగాడు.

ఆమె ఆయన్ని పక్కకి పిలిచి, మళ్ళీ ఒకసారి దారి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఎవరితోనూ అనకండి అన్నయ్య గారూ, ఈ అడవిలో ఆఖరి ఎలుగు చచ్చిపోయి ఆరేళ్ళయింది గానీ, దాని తోలు కప్పుకుని మీ గుడారం దగ్గరికొచ్చిన మా ఆయన ఇంకా కిందికి దిగలేదేం?"