కోలాటానికి కాపలా

కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకు కోలాటం క్లాసు పెట్టారు. ఒంటికి మంచిదన్నారు. మా ఆయన నన్ను ఒంటరిగా పంపనన్నాడు. కాపలాకు తన తల్లి సమ్మవ్వను తోడిచ్చాడు.

అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. నేను కాపురానికి వచ్చిన నాడే మొదలయ్యాయి. అందుకే నల్లా నీళ్లు మోయడం నా పని.

హాల్లో మొదట ఆమె తలుపు పక్కన కూర్చొని మూలిగింది. వారం తిరక్కముందే నా చేతిలో కోలలు లాక్కుంది. ఇప్పుడు జట్టంతా ఆమె అడుగే చూస్తుంది. నేను వెనక వరుసలో సిగ్గుపడుతూ ఆడతాను.

ఇంటికొచ్చేటప్పుడు మా క్వార్టర్ల మలుపు రాగానే, అత్తమ్మ నా భుజం పట్టుకొని కుంటుతుంది.

నిన్న ఆయన డ్యూటీకి పోలేదు. ఆ కుంటడం గుమ్మంలోంచే చూశాడు.

"అవ్వా, నీ కాళ్లు గిట్లుంటే దీనికి ఆటలేంది? రేపటి సంది బందు."

నేను అత్తమ్మ వైపు చూశాను.

అత్తమ్మ గడప మీద కూలబడింది. "నా కాళ్లకేం గని బిడ్డా, దీని సిగ్గే ఇంక పోలే. మూలకు కూసుంటది. ఇంకో ఏడాదన్న తోల్కపోవాలె. నేనెట్లనో ఓర్సుకుంట."

ఆయన నావైపు తిరిగాడు. "చూసినవా, నీకోసం అవ్వ ఎంత తిప్పల పడుతున్నదో."

నేను తల వంచుకొని అవునన్నాను.

పొద్దున నేను లేచేసరికి గడప పక్కన రెండు బిందెలు నిండుగా ఉన్నాయి. నేనింకా నల్లా దగ్గరికి పోనేలేదు.

ఆయన లేచేసరికి అత్తమ్మ మంచంలో మోకాలు పట్టుకొని మూలుగుతోంది.