అనీబాల్ నడుంనొప్పి

"మెల్లిగా దిగండమ్మా, రాళ్ళు తడిగా ఉన్నాయి," అంటూ ఎల్దర్ కారు తలుపు తీసి చెయ్యందించాడు.

"ఈ ఊళ్ళో రాళ్ళు ఎప్పుడు పొడిగా ఉన్నాయి గనక," అంది ఒతీలియా. అయినా చెయ్యి పట్టుకుంది.

కింద పోర్తిమావ్ రేవులో ఎండ మాడ్చేస్తున్నా, కొండ సందున ఇరుక్కున్న కాల్దాస్‌లో చెట్ల కింద చలే. స్నానాల ఇంటి వైపు నుంచి వేడినీటి బుగ్గల గంధకం వాసన ముక్కుకి తగలగానే ఆమె అడుగు ఆగిపోయింది. ఈ ఊరి గడప మళ్ళీ తొక్కనని ఒకప్పుడు ఒట్టు పెట్టుకున్న మనిషి. పోయిన నెల తనే ఎల్దర్‌కి ఫోన్ చేసి, తీసుకెళ్తావా అని అడిగింది.

"కుళ్ళిన గుడ్డు వాసన," అన్నాడు ఎల్దర్. లిస్బన్‌లో పెరిగినవాడు, అతనికి ఇదంతా కొత్త.

"మీ నాన్న కూడా అదే అనేవాడు. వెనకటికి ఓ రాజుగారు ఈ నీళ్ళలో మునిగి, కొద్దిరోజులకే పోయాడట. నన్నూ చంపడానికే తెచ్చావా అని నామీద ఎగిరాడు. వలలు లాగీ లాగీ నడుం పట్టేస్తే బలవంతాన తీసుకొచ్చింది నేనే."

"తగ్గిందా?"

"ఏం తగ్గిందో ఏమో. ఆ మరుసటి ఏటి నుంచి సెప్టెంబరు వస్తే నాకంటే ముందు ఆయనే పెట్టె సర్దేవాడు."

ఎల్దర్ నవ్వాడు. నవ్వితే ఎడమకన్ను సగం మూసుకుంటుంది. అచ్చం తన మొగుడు అనీబాలే. ఒతీలియా చూపు తిప్పుకుంది.

చౌకులోని సారా అంగడి నడిపే జెర్ట్రూదీస్ ఇంకా ఉంది, చేతికర్ర పక్కన ఆనించుకుని. ఒతీలియాని చూసి మొహం విప్పారింది. పక్కనున్న మనిషిని చూసి తుడుస్తున్న గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"అనీబాల్ కొడుకు," అంది ఒతీలియా. "పోలిక చెప్పడం లేదూ?"

"చెబుతోంది," అంది జెర్ట్రూదీస్ నెమ్మదిగా. అత్తిపళ్ళ రొట్టె, రెండు చిన్న గ్లాసుల్లో అడవిపళ్ళ సారా తెచ్చి పెట్టి, వెళ్తూ వెళ్తూ ఒతీలియా భుజం ఒకసారి నొక్కింది.

"నాన్న పాడేవాడా?" అన్నాడు ఎల్దర్.

"పాడేవాడు. వినేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు. శనివారం సాయంత్రాలు ఈ చౌకులోనే అకార్డియన్ వాయించేవాళ్ళు. నడుంనొప్పి మనిషి కదా, పొద్దున మంచం దిగడానికి మూలిగేవాడు. సాయంత్రానికి ఈ ఊరి అమ్మాయిలతో చిందెయ్యడంలో ఆయనే ముందు. నేను అదిగో, ఆ మెట్టు మీద కూర్చుని చూసేదాన్ని."

"ఇంకా చెప్పండి."

ఆకలి మీదున్నవాడు అన్నం కోసం చూసినట్టు చూస్తున్నాడు. చెప్పింది. మంగలి కత్తంటే ఆయనకి భయమనీ, రొట్టె తన చాకుతో తనే కోసుకునేవాడనీ, పడవ తిరిగొచ్చే రోజు రేవు మలుపు నుంచే ఈల వేసేవాడనీ.

"నాకేమీ తెలియదు ఆయన గురించి," అన్నాడు ఎల్దర్.

"సముద్రం మీద బతికినవాడు నాయనా. ఎవరికి దక్కింది మాత్రం ఎంత?"

"మరి ఇక్కడికి రావడం ఎందుకు మానేశారు?"

ఒతీలియా సారా ఒక్క గుక్కలో తాగేసింది. "మీ నాన్నకి నడుంనొప్పి తగ్గిపోయింది," అంది.

అతను ఈసారి నవ్వలేదు. తలెత్తి కొండ మీద చర్చి పక్కనున్న తెల్లటి గోడ వైపు చూశాడు. ఆమె గమనించిందని తెలిసి గబుక్కున చూపు దించుకున్నాడు. కారు దిగినప్పటి నుంచి నాలుగుసార్లు చూశాడు అలా. ఒక్కసారీ నోరు విప్పి అడగలేదు. అడిగి ఉంటే కాదనడం తేలికయ్యేది.

ఆమె బల్ల ఆనుకుని లేచింది. అతని చేతిలో చెయ్యి వేసింది.

"పద నాయనా, మీ అమ్మ సమాధి చూపిస్తాను."